కోట మసీదులో శుక్రవారం

బుర్హాన్ షా హజ్రత్‌కు ఒక అలవాటుంది. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. చెప్పులు తొడుక్కుని బయల్దేరతారు. మారు మాట్లాడకుండా వెంట నడవాల్సిందే.

ఆ శుక్రవారం శిష్యుడు జలీల్ అడిగాడు. "హజ్రత్, దీన్‌కు దర్బారు అండ ఉంటే బలమే కదా? అందులో తప్పేముంది?"

ప్రశ్న మతం గురించే గానీ మనసంతా ఉద్యోగం మీదే ఉంది. కోట మసీదులో ఖుత్బా చదివే పని ఖాళీ అయింది. శుక్రవారపు ఆ ప్రసంగంలో ఏలేవాడి పేరు చెప్పి, అతని మేలు కోరి దువా చేయడం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. కోటను ఏలే పాత కిల్లేదారును నమాజులో ఉండగానే ఎవరో పొడిచి చంపారు. ఆ ఎవరో ఎవరన్నది ఊరందరికీ తెలుసు, నోరు విప్పేవాడే లేడు. మరుసటి వారం ఖుత్బా చదివే ముసలాయన, పాపం, ఇరవై ఏళ్ల అలవాటున చచ్చినవాడి పేరే చదివేశాడు. ఇంకేముంది! సాయంత్రానికల్లా ఊరు దాటించారు. ఇప్పుడు ఆ చోటుకు రమ్మని కొత్త కిల్లేదారు జలీల్‌కు కబురు పెట్టాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు, పూటపూటా జొన్న గంజే. వద్దనడానికి నోరెలా వస్తుంది?

హజ్రత్ చెప్పులు తొడుక్కున్నారు.

కోట మసీదు గుమ్మంలో సిపాయిలు ఆ పెద్దాయన శాలువా కూడా విప్పించి తడిమి చూశారు. జలీల్‌కు ఒళ్లు మండిపోయింది. లోపల కిల్లేదారు మొదటి వరుసలో ఉన్నాడు. అతని ముందర నలుగురు సిపాయిలు కత్తులు దూసి, కాబా దిక్కుకు వీపు పెట్టి, నమాజుకొచ్చిన జనాన్నే గుచ్చిగుచ్చి చూస్తున్నారు. అందరూ సజ్దాకు ఒంగి నుదురు నేలకు ఆనించారు. జలీల్‌కు మాత్రం మెడ మీద కత్తి ఉన్నట్టే అనిపించింది. ఉండబట్టలేక తల కాస్త ఎత్తాడు. ముందు వరుసలో కిల్లేదారూ తల తిప్పి వెనక్కి చూస్తున్నాడు. ఇద్దరి కళ్లూ కలిశాయి.

బయటికి రాగానే జలీల్ ఆగలేకపోయాడు. "చూశారా హజ్రత్! సజ్దాలో కూడా అతనికి జనం మీద అనుమానమే. అదీ ఒక నమాజేనా?"

"నువ్వూ తల ఎత్తావుగా, నాయనా."

జలీల్ తెల్లబోయాడు. "మీరెలా చూశారు?"

హజ్రత్ ముఖం సిగ్గుతో కందిపోయింది.

"అరవై ఏళ్లలో మొదటిసారి," అన్నారు, "నేనూ ఎత్తాను."