తెరచాటు సలహా

ఒకానొక కాలంలో మణిమంతమనే రాజ్యంలో తొమ్మిదిమంది సలహాదారులు ఉండేవారు. వాళ్లలో ఎనిమిదిమందికి కలిపి అభిప్రాయం ఒక్కటే. అది రాజుగారిది.

రాజు గజాంకవర్మకు ఒక అలవాటు. ఎవరేం చెబుతున్నా మధ్యలో గొంతు కదిపేవాడు. నచ్చితే "ఊఁ". నచ్చకపోతే "ఊహూఁ". మంత్రి భుజంగరాయుడు ఆ రెండింటినీ బాగా కనిపెట్టగల వాళ్లనే ఏరి కొలువులో పెట్టాడు. బాటలు వేయించే నిపుణుడు ఆయన బావమరిది. వాస్తుపండితుడు వియ్యంకుడు.

చెరువులూ కాలువలూ చూసే లక్కన ఒక్కడే పాత రాజుగారి కాలం నుంచీ ఉన్నవాడు.

ఒకసారి వేసవిలో పెద్దచెరువు సగానికి ఎండింది. ఆ ఎండిన నేలమీద విహారమందిరం కట్టాలని రాజుకు కోరిక పుట్టింది. ఎనిమిదిమందీ ఆహా అన్నారు.

"కట్టొచ్చు ప్రభూ. వానలు పడ్డాక పడకగదిలోకి పడవలో వెళ్లొచ్చు," అన్నాడు లక్కన. "మునగకూడదంటే కట్టకు గండి కొట్టాలి. కొడితే దిగువ పొలాలకు చుక్క నీరుండదు."

"ఊహూఁ," అన్నాడు రాజు.

మంత్రి అందుకున్నాడు. "ఈయన పాత ప్రభువుల మనిషి. మీ కీర్తి చూడలేడు. రేపటి సభలో మాట మార్చుకోకపోతే సముద్రం ఒడ్డున ఉప్పుకొటార్ల కాపలాకు పంపించండి."

రాజు సరేనన్నాడు.

ఆ సాయంత్రం ఆస్థాన విదూషకుడు మాచన రాజుగారి దగ్గరికి వెళ్లాడు.

"ప్రభూ, ఆ ఎనిమిదిమందీ చెరువు చూసే చెప్పారంటారా?"

"మరి? వాళ్లేమైనా నా మొహం చూసి చెప్పే రకమా? నిర్భయులయ్యా!"

"అయితే రేపు సింహాసనానికి అడ్డంగా తెర కట్టిద్దాం. వెనకాల నేను కూర్చుంటాను, తమరు పక్కన నిలబడి వినండి. వాళ్లు చెరువును బట్టే మాట్లాడితే లక్కనతోపాటు నన్నూ ఉప్పుకొటార్లకు పంపండి."

"నా సింహాసనం మీద నువ్వా?"

"ఒక్కపూటే కదా ప్రభూ, అరిగిపోదు."

పందెమంటే రాజు వెనక్కి తగ్గే మనిషి కాదు.

మర్నాడు రాజుగారికి కళ్లకలక అని చెప్పి తెర కట్టారు. "మందిరానికి సింహద్వారం ఏ దిక్కున ఉండాలని ప్రభువుల ప్రశ్న," అని భటుడు చదివాడు.

వాస్తుపండితుడు లేచి తెరవంక చూశాడు. తెరకు మొహం లేదు.

"తూర్పున..."

"ఊహూఁ." అచ్చంగా రాజుగారి గొంతే. మాచన ముక్కు పట్టుకుని మరీ అన్నాడు.

"తూర్పున అని తెలియనివాళ్లు అంటారు. పడమరే శ్రేష్ఠం!"

"ఊహూఁ."

పండితుడికి చెమట పట్టింది. "అసలు ద్వారమే లేకపోవడం ఉత్తమోత్తమం ప్రభూ. దొంగల భయం ఉండదు."

"ఊఁ!"

"ద్వారం లేకపోతే బాట ఖర్చూ ఉండదు. మొదటినుంచీ నేను అనుకుంటున్నది అదే!" అన్నాడు బావమరిది.

తెర వెనక రాజు ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు.

"ఇంతకీ మందిరం కట్టాలా, వద్దా?" అని భటుడు అడిగాడు.

"కట్టి తీరాలి!" అన్నాడు మంత్రి.

"ఊహూఁ."

"...అని జనం అంటున్నారు. నేను మాత్రం వద్దనే రాత్రంతా మథనపడ్డాను."

"వద్దు, వద్దు," అన్నారు మిగతావాళ్లు ఒకే గొంతుతో.

ఇప్పుడు రాజుకు నవ్వు రాలేదు. నిన్న ఇదే గొంతుతో వాళ్లు ఆహా అన్నారు.

ఆఖరికి లక్కన లేచాడు. "నా మాట నిన్నటిదే. కట్టకూడదు."

"ఊహూఁ!"

"కట్టాలి, కట్టాలి!" ఎనిమిదిమందీ మళ్లీ తిరిగిపోయారు.

"తమరు కాదంటే నేను ఆగుతాను ప్రభూ, నీళ్లాగవు," అన్నాడు లక్కన. "ఉప్పుకొటార్లకు ఎప్పుడు బయలుదేరమంటారు? మూట గుమ్మం దగ్గరే పెట్టి వచ్చాను."

రాజు తెర లాగేశాడు. సింహాసనం మీద ముక్కు పట్టుకుని మాచన కనిపించేసరికి మంత్రి నోరు తెరిచి మూయడం మరిచిపోయాడు.

మాచన దిగి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, ఎనిమిదిమందిని పోషించి తమరి గొంతు తమరే వింటున్నారు. స్నానాలగదిలో గట్టిగా మాట్లాడుకున్నా అదే తిరిగి వినిపిస్తుంది, ఖర్చు లేకుండా."

రాజు మొహం ఎర్రబడింది. అంతలో మంత్రి తెరిచిన నోరు చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"లక్కనా, మూట ఇంటికి పంపించెయ్. మాచనా, గెలిచావు, ఏం కావాలో కోరుకో."

"ఇకమీదట సభలో అందరూ చెప్పాకే తమరు గొంతు విప్పాలి."

"ఊరు అడుగుతావనుకుంటే నోరు అడిగావేమయ్యా!" అన్నాడు రాజు. అయినా కాదనలేదు. పైగా మెడలో హారం తీసి మాచన మెడలో వేశాడు.

తర్వాత లక్కనను వెంటబెట్టుకుని చెరువుకు బయలుదేరాడు. కట్టమీద నిలబడి మందిరానికి ఇంకెక్కడ జాగా బాగుంటుందో చూపించబోయి, ఎత్తిన చెయ్యి దించేశాడు.

"ముందు నువ్వు చెప్పవయ్యా," అన్నాడు.