రాజుగారు కూర్చోకూడని అరుగు

ఒకానొక రాజ్యాన్ని ఉద్దండరాయలు ఏలేవాడు. ఆయనకు తన పట్టణమంటే ప్రాణం. తన నోట వచ్చిన మాటంటే అంతకంటే ప్రాణం.

ఆ పట్టణంలో ఇళ్లకు తాతలనాడు కట్టిన వెల మీదే ఇంటిపన్ను వసూలయ్యేది. గుడిసె మేడ అయినా పన్ను మారలేదు, మేడ కూలి గుడిసె అయినా మారలేదు. ఇది అన్యాయమని రాజుకు తోచింది. తోచడంలో తప్పేమీ లేదు. ఇళ్లన్నిటికీ కొత్తగా వెల కట్టమన్నాడు. అక్కడితో ఆగితే ఈ కథే ఉండేది కాదు.

"ఇంటివాడి కలిమి వీధిలోకే తెలుస్తుంది. అరుగు ఎంత పెద్దదయితే వెల అంత హెచ్చు" అన్నాడు. మీసం దువ్వుకుని, "మేము పాదం మోపిన ఇల్లు సామాన్యమైనదా? దాని వెల పదింతలు!" అని కూడా చేర్చాడు. సభంతా ఆహా అంది. ఆస్థానంలో హాస్యానికి పేరుపడ్డ కొండుభట్టు మాత్రం తల గోక్కున్నాడు.

అధికారులు కొలతాళ్లతో ఒక వీధిలో దిగేసరికి పక్క వీధిలో గునపాల చప్పుడు మొదలయ్యేది. జనం ఎవరి అరుగు వాళ్లు తవ్వేసుకున్నారు. ఎవరిని తప్పుపట్టగలం? ఇల్లు పోవడం కంటే అరుగు పోవడం మేలు కదా.

ఒకనాడు నాంచారమ్మ అనే ముసలావిడ కొండుభట్టు ఇంటికి వచ్చింది. కూర్చోమందామంటే అతని ఇంటి ముందు అరుగు లేదు, మొన్ననే తవ్వించేశాడు. సిగ్గుపడుతూ గుమ్మంలో పీట వేశాడు.

నాంచారమ్మ పూలమాలలు కట్టి బతికే మనిషి. ఉన్నవి రెండు గదులు. అరుగు మాత్రం ఊళ్లోకెల్లా పెద్దది.

"అయ్యా, దారిన పోయేవాళ్లు కూచుంటారని మా ఆయన తన చేతుల్తో కట్టాడు. ఉంచితే పన్ను కట్టలేక ఇల్లు పోతుంది. పడగొడదామంటే గునపం ఎత్తడానికి చేతులు రావడం లేదు" అని కళ్లొత్తుకుంది.

"అమ్మవారి జాతర దాకా ఓపిక పట్టు తల్లీ. ఆ అరుగుకు నాదే పూచీ" అన్నాడు కొండుభట్టు.

జాతరనాడు రాజు చెప్పులు విడిచి, గొడుగు లేకుండా, అమ్మవారి పల్లకి వెంట ఊరంతా నడవడం అక్కడి ఆచారం. అలసినప్పుడు ఎవరో ఒకరి అరుగు మీద కూర్చుని మజ్జిగ పుచ్చుకుంటాడు. మా ఇంటికంటే మా ఇంటికని జనం పోటీ పడేవాళ్లు.

ఆ ఏడు ఎండ నిప్పులు చెరిగింది. సగం ఊరు తిరిగేసరికి రాజుగారి అరికాళ్లు బొబ్బలెక్కాయి. అటు చూస్తే మట్టికుప్ప, ఇటు చూస్తే మూసిన తలుపు. రమ్మన్నవాడు లేడు.

"ఏమయ్యా భట్టూ, మన ఊళ్లో అరుగులేమయ్యాయి?"

"నాలుగడుగులు వేయండి ప్రభూ. ఒకటి మిగిలింది."

వీధి మలుపు తిరగ్గానే నాంచారమ్మ అరుగు కనిపించింది. చల్లగా అలికి, అంచున ముగ్గు పెట్టి ఉంది. రాజు ఆత్రంగా అటు నడిచాడు. మజ్జిగ ముంతతో బయటికి వచ్చిన నాంచారమ్మ ఆయన్ని చూసి గబగబా అడ్డం నిలబడింది.

"వద్దు మారాజా! మీ కాళ్లకు మొక్కుతాను, నా అరుగు మీద కూచోవద్దు. మజ్జిగ మటుకు నిలబడే తాగండి!"

భటులు ముందుకు దూకారు. రాజు ముఖం కందగడ్డ అయింది. "రాజును వాకిట నిలబెడతావా?"

"కోపం వద్దు ప్రభూ" అన్నాడు కొండుభట్టు. "ఆమె తమ ఆజ్ఞకే భయపడుతోంది. తమరు పాదం మోపితే ఈ ఇంటి వెల పదింతలు. తమ అలసట తీరుతుంది గానీ ఆమె వీధిన పడుతుంది."

 రాజు తాను నడిచి వచ్చిన వీధి వైపు తిరిగి చూశాడు. ఆ మట్టికుప్పలన్నీ తన మాట చేసిన పనే. ఎదురుగా ముంత పట్టుకుని నాంచారమ్మ నిలబడి ఉంది. జన్మలో ఎవరినీ కూర్చోవద్దని అనని ముసలిది, అనాల్సి వచ్చినందుకు ఏడుస్తోంది. ఆయనకు నిజంగా సిగ్గేసింది.

"ఈ అరుగు వెల ఎంతంటావు, భట్టూ?" అన్నాడు చివరికి.

"కొలిచినవాడికి తెలియదు ప్రభూ. కాళ్లు కాలినవాణ్ణి అడగాలి."

రాజు తన అరికాళ్లు చూసుకున్నాడు. ముందు చిన్నగా నవ్వాడు, ఆపైన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"వినండి! మేడకు మేడ వెల, గుడిసెకు గుడిసె వెల కట్టండి. నలుగురూ కూర్చునే అరుగుకు మాత్రం వెల లేదు. మా పాదానికి అసలే లేదు. అమ్మా, ఇప్పుడైనా కూర్చోవచ్చునా?"

నాంచారమ్మ కొంగుతో అరుగు తుడిచింది. రాజు ముంతెడు మజ్జిగా తాగి, మెడలోని హారం తీసి కొండుభట్టుకు వేసి, "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"కోటగుమ్మానికి అటూ ఇటూ అరుగులు కట్టించండి ప్రభూ. తమ పుణ్యమా అని మా ఇంటిది తవ్వేసుకున్నాను. సాయంత్రాలు కూర్చోవడానికి చోటు లేదు."

నెల తిరక్కుండా కోట ముందు అరుగులు లేచాయి. ఒక మధ్యాహ్నం గడ్డిమోపు దించుకుని ఎవరో ఆడమనిషి వాటి మీద నడుం వాల్చింది. కావలివాడు లేపబోతుంటే పై నుంచి రాజుగారి గొంతు వినిపించింది.

"ఉండనీరా. కింద నేల కాలుతోంది."