ఐదో తీగ మోత

యెమీమా, ఇరవై ఆరేళ్ళు, ప్రతి శనివారం ఎడమచేతి గోళ్ళు కత్తిరించుకుని కుడిచేతివి అలాగే ఉంచుకుంటుంది. ఆ తేడా కంటపడినవాళ్ళు "ఇదేం ఫ్యాషనమ్మా" అని అడుగుతారు. గిటారు వాయిస్తానని చెబితే "అమ్మాయివి, గిటారా" అని రెండో ప్రశ్న వేస్తారు. సామర్లకోటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. స్టేషనుకు దగ్గర్లో ఉన్న చర్చిలో నాలుగేళ్ళుగా ఆదివారం గిటారు ఆమెదే. శనివారం మధ్యాహ్నాలు మాత్రం దీవెనమ్మ గారి దగ్గర పని నేర్చుకుంటుంది.

దీవెనమ్మ ఐటీఐలో రేడియో మరమ్మతు నేర్పి రిటైరయిన మనిషి. ఇరవై తొమ్మిదేళ్ళూ మగపిల్లలకే నేర్పింది. ఆ ట్రేడులో ఆడపిల్లలు చేరరని ఆఫీసు కాగితాల్లో రాసేవాళ్ళు; చేర్చుకోమని రాస్తే కాగితానికి ఏమవుతుందో ఎవరూ పరీక్షించి చూడలేదు. ఇప్పుడు వీధిగదిలో బల్ల వేసుకుని, పాత రేడియోలూ యాంప్లిఫయర్లూ బాగుచేస్తూ, అరవై మూడేళ్ళ వయసులో మొదటి శిష్యురాలిని సంపాదించుకుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు ఆమెకు లేదు. చేతిలో ఏదో ఒకటి పెట్టి "పట్టుకో" అంటుంది.

ఆ శనివారం యెమీమా ఆటోలో చర్చివాళ్ళ యాంప్లిఫయరు పెట్టెను వేసుకొచ్చింది. తెల్లారితే ఈస్టరు ముందటి మట్టల ఆదివారం. చుట్టుపక్కల నాలుగు సంఘాలు కలిసి మట్టలు పట్టుకుని ఊరేగింపుగా వచ్చే రోజు. పెట్టె క్రిస్మసు నుంచీ మోగుతోంది. పాట మధ్యలో జిర్రుమని, డబ్బాలో రూపాయి బిళ్ళ వేసి ఊపినట్టు. కమిటీవాళ్ళు ఎవరినో పిలిపించి రెండుసార్లు లోపలి గాజు వాల్వులు మార్పించారు. అయినా మోత పోలేదు. అప్పుడు మినిట్సు పుస్తకంలో తీర్మానం రాశారు: "గిటారు వాయించు సోదరి చేతి ధాటికి యంత్రము పాడగుచున్నది." మట్టల ఆదివారం నాటికి మోత ఆగకపోతే గిటారును సంఘ కార్యదర్శి గారి మేనల్లుడికి అప్పగిస్తారు. ఆ మేనల్లుడికి మూడు పాటలు వచ్చు, నాలుగోది నేర్చుకుంటున్నాడు.

"సాయంత్రం అయిదింటికి కార్యదర్శి గారు ఇక్కడికే వస్తానన్నారు మేడమ్. విని చెబుతారట, ఉంచాలో తియ్యాలో," అంది యెమీమా.

"పెట్టెనా, నిన్నా?"

"నన్నే."

ఆ తర్వాత అసలు ప్రశ్న అడిగింది. "మేడమ్, ఐదో తీగ గట్టిగా కొడితేనే మోత వస్తోంది. మెల్లగా కొడితే రావట్లేదు. అలాంటప్పుడు తప్పు నాదే కదా? నేను కాస్త మెల్లగా వాయిస్తే సరిపోతుంది కదా?"

ఇది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. ఆమె అప్పటికే మూడు నెలలుగా మెల్లగా వాయిస్తోంది. ఐదో తీగ ఒంటిగా మోగే చోటల్లా చెయ్యి తేలిక చేసింది. పాట ఊపులో మరిచిపోయి గట్టిగా కొట్టినప్పుడల్లా మోత మళ్ళీ వచ్చేది. అదీ చాలక పాటలన్నీ ఒకటిన్నర మెట్టు పైకి జరిపింది, ఆ స్వరం తగలకుండా. అంత ఎత్తుకి అందలేక గాయకబృందంలో ఆడవాళ్ళు గొంతులు చించుకున్నారు. దాని మీద కూడా కమిటీలో మాట వచ్చింది, ఈ మధ్య ఆడవాళ్ళు మరీ కీచుగా పాడుతున్నారని.

దీవెనమ్మ బల్ల సొరుగు లాగింది. ఒక చెక్క పెన్సిలు తీసి శిష్యురాలి చేతిలో పెట్టింది. "పట్టుకో."

పెట్టె వెనకవైపు తెరిచి ఉంది. లోపల స్పీకరూ, అయిదు గాజు వాల్వులు, రెండు పెద్దవీ, మూడు వేలెడంతవీ. స్విచ్చి వేసిన కొద్దిసేపటికి వాటి కడుపుల్లో నారింజరంగు నిప్పు రాజుకుంది. ఎన్నిసార్లు చూసినా యెమీమాకి ఆ క్షణం ఒళ్ళు ఝల్లుమంటుంది. వాల్యూము పెంచమని దీవెనమ్మ సైగ చేసింది. "ఒక్కోదాన్నీ పెన్సిలుతో తట్టు. మెల్లగా. ఎవరు ఉలిక్కిపడతారో చూద్దాం."

మొదటి చిన్న వాల్వు స్పీకర్లో టక్కుమంది, అంతే. రెండోది తట్టగానే స్పీకరు ఠంగుమని గంటలా మోగింది. యెమీమా మళ్ళీ తట్టింది. మళ్ళీ ఠంగుమంది.

"దొరికింది మేడమ్. ఇదే. కొత్తది మేడమ్ ఇది, మొన్ననే మార్చారు."

"కొత్తదైతే మంచిదై ఉండాలా?" అంటూ దీవెనమ్మ స్విచ్చి ఆపింది, ప్లగ్గు పీకింది. వాల్వు చల్లారేదాకా ఇద్దరూ జంతికలు తిన్నారు. ఆ తర్వాత యెమీమా గుడ్డతో పట్టుకుని, కొద్దికొద్దిగా అటూ ఇటూ కదుపుతూ వాల్వును నిటారుగా పైకి లాగింది. అడుగున సూదుల్లాంటి తొమ్మిది కాళ్ళు, వాటి మధ్య ఒకచోట ఎడం. దీవెనమ్మ అట్టపెట్టెలోంచి తీసిచ్చిన వాల్వుకు ఆ ఎడం చూసుకుని, గుంటలో సరిపెట్టి, బలవంతం చెయ్యకుండా దించింది. మళ్ళీ నిప్పు రాజుకుంది. పెన్సిలుతో తడితే ఈసారి టక్కు తప్ప ఏమీ లేదు.

యెమీమా గిటారు భుజాన వేసుకుని నవ్వుతూ ఐదో తీగ కొట్టింది.

జిర్రుమంది.

నవ్వు పోయింది. టైము నాలుగూ పది. "వాల్వు తప్పు నిజమేగా మేడమ్, అది గంటలా మోగింది గదా," అంది.

"దాని తప్పు దానిది. ఒక ఇంట్లో ఒకరికే తప్పుండాలని ఎక్కడుంది? కొట్టు. మూడు నెలలుగా కొట్టనట్టు కాదు, అంతకుముందు కొట్టినట్టు. ఆపకు."

యెమీమా కొట్టింది. గది కిటికీ అదిరింది. వీధిలో పోతున్న చేపలావిడ తట్ట దించి గుమ్మంలో నిలబడింది. దీవెనమ్మ పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో ఒక్కో భాగాన్నీ అదిమి పట్టుకుంది. పైన పిడి, మోత ఉంది. వెనక చెక్క, మోత ఉంది. మూలల ఇనుప బిళ్ళలు, స్పీకరు మరలు, వేడికి పెన్సిలుతో ఒత్తిన పెద్ద వాల్వుల స్ప్రింగులు, ఉంది, ఉంది, ఉంది. ఆ తర్వాత ఆమె అరచెయ్యి ముందువైపు కింది చెక్కమీద, అడుగు పొడవున్న ఇత్తడి రేకు మీద పడింది.

మోత ఆగింది.

చెయ్యి తీసింది. జిర్రుమంది. పెట్టింది. ఆగింది. అరవై మూడేళ్ళ మనిషి చిన్నపిల్లలా ఏడెనిమిదిసార్లు చెయ్యి పెడుతూ తీస్తూ ఉంటే, తీగ మీద చెయ్యి ఆపకుండా యెమీమా పడీపడీ నవ్వింది. ఏమైందో తెలియకపోయినా చేపలావిడ కూడా నవ్వింది. ఐదో తీగ స్వరం నిండుగా, మెత్తగా, ఇన్నాళ్ళూ ఎవరో నోరు నొక్కి ఉంచితే విడిపించుకున్నట్టు గదంతా పరుచుకుంది.

ఆ రేకు సంగతి చెప్పాలి. మన సంఘాల్లో దానం చేసిన వస్తువు మీద దాత పేరు లేకపోతే దానం పూర్తి కాదు. ఫ్యాను రెక్క మీదా పేరుంటుంది, మంచినీళ్ళ డ్రమ్ము మీదా ఉంటుంది. ఈ పెట్టె మీది రేకులో, ప్రభువునందు నిద్రించిన బొల్లా ఆనందరావు గారి జ్ఞాపకార్థం అని చిన్న అక్షరాల్లోనూ, దాత: బొల్లా జయశీలరావు, సంఘ కార్యదర్శి అని పెద్ద అక్షరాల్లోనూ ఉంది. ఇదివరకు అక్కడ చిన్న రేకు ఉండేది, "సహాయ కార్యదర్శి" అని. పదవి పెరగడంతో డిసెంబరులో రేకూ పెరిగింది. నాలుగు బెజ్జాలున్న ఆ రేకును వడ్రంగి పై రెండు మరలతో బిగించి భోజనానికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. కింది అంచు గాల్లో ఉండిపోయింది. ఐదో తీగ అదురు దాన్ని సరిగ్గా తాకుతుంది. వాల్వులు మార్చినవాళ్ళు ఆ రేకును రెండుసార్లూ గుడ్డపెట్టి తుడిచారు కూడా. పేరున్న చోట తప్పుంటుందని ఎవరికీ తట్టలేదు. ఆడమనిషి చేతిలో ఉంటుందని మాత్రం అందరికీ తట్టింది.

జయశీలరావు గారు చెప్పిన టైముకే వచ్చారు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. దీవెనమ్మ ఆయనకి కుర్చీ వెయ్యలేదు. "ఇలా వచ్చి కింద కూర్చోండి తమ్ముడు గారూ. ఈ రేకు మీద చెయ్యి పెట్టండి," అంది.

ఆయన పంచె సర్దుకుని కూర్చుని చెయ్యి పెట్టారు. యెమీమా కొట్టింది. మోత లేదు. తియ్యమంటే తీశారు. జిర్రుమంది. ఆయన మొహం కొంచెంకొంచెంగా మారింది.

"అంటే అక్కగారూ, ఆరాధన అయ్యేదాకా నేను దీని మీద చెయ్యేసుకుని కూర్చోవాలంటారా?"

"కూర్చోగలిగితే కూర్చోండి. చూసేవాళ్ళకి కూడా బాగుంటుంది."

గుమ్మంలో చేపలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన అటు చూడనట్టు చూసి, "పోనీ ఇంకో రెండు మరలు బిగిస్తే?" అన్నారు.

"రేకు వంకర తిరిగిందండి. బిగిస్తే రేపటికి ఆగుతుంది, వచ్చే పండక్కి మళ్ళీ వదులవుతుంది."

ఆయన రేకును వేలితో తడిమారు. పేరు మీద వేలు కాస్త ఎక్కువసేపు నిలిచింది. గొంతులో నిజమైన బాధతోనే, ఎంతో సౌమ్యంగా, యెమీమా వైపు తిరిగారు. "అమ్మాయ్, మా నాన్నగారి పేరమ్మా. ఇదంతా ఎందుకు గాని, నువ్వే కాస్త మెల్లగా వాయిస్తే సరిపోతుంది కదా?"

యెమీమా చెయ్యి తీగల మీదే ఆగిపోయింది. మధ్యాహ్నం తను అడిగిన మాట అది. అవే మాటలు, అదే వరస. తన నోట్లోంచి వచ్చినప్పుడు వినయంలా వినిపించింది. ఆయన నోట్లోంచి వచ్చాక ఎలా వినిపించిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. దీవెనమ్మ వైపు చూసింది. దీవెనమ్మ కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది. బల్ల మీద స్క్రూడ్రైవరు ఉంది.

యెమీమా గిటారు పక్కన పెట్టి, కింద కూర్చుని, మొదటి మర తిప్పింది. తర్వాత రెండోది. రేకును దుపట్టా అంచుతో తుడిచి, రెండు చేతులతో ఆయన చేతిలో పెట్టింది.

"గోడకి పెట్టించండి అంకుల్. తాతగారి పేరు కొంచెం పెద్దగా రాయించి మరీ పెట్టించండి. గోడనైతే ఎవరం వాయించం."

ఆయన లేచారు. ఏదో అనబోయారు. అప్పటికే యెమీమా గిటారు తగిలించుకుని ఐదో తీగ కొట్టేసింది. దాని మీదే పాట ఎత్తుకుంది, ఒకటిన్నర మెట్టు కిందకి దించి, పాత చోటులో, ఆడవాళ్ళ గొంతులకి హాయిగా అందే చోటులో. ఆ ధాటికి జంతికల డబ్బా మూత బల్లమీంచి కింద పడింది. చేపలావిడ తల ఊపుతూ అడుగు లోపలికి వేసింది. కార్యదర్శి గారు రేకును చంకలో పెట్టుకుని పాట అయ్యేదాకా నిలబడ్డారు. అయ్యాక, వినిపించీ వినిపించనట్టు, "మోత లేదు," అన్నారు. ఒప్పుకోక తప్పలేదు, ఎందుకంటే విన్నది నలుగురు.

ఆయన వెళ్ళాక యెమీమా చెమట తుడుచుకుంది. ఇంకా ఆయాసపడుతూనే అడిగింది. "మేడమ్, నిజంగా చెప్పండి. నేను మెల్లగా వాయించినా మోత ఆగేదే కదా?"

దీవెనమ్మ పెన్సిలు తీసుకుని చెవి మీద పెట్టుకుంది. "ఆగేదే. అందరూ దాన్నే బాగుచెయ్యడం అనుకునేవాళ్ళు."

మరుసటి ఏడాది సంఘం ఎన్నికల్లో యెమీమా కార్యదర్శి పదవికి జయశీలరావు గారి మీద నిలబడింది. పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆ పై ఏడాది మళ్ళీ నామినేషను వేసింది.