గువ్వలు మెచ్చిన నూర్పిడి బండి

అనగనగా ఒక అడవి ఉండేది. ఆ అడవిలో జంతువులు వరి పండించుకునేవి. జంతువులేమిటి, వరేమిటి అని నన్నడక్కండి. పండించుకునేవి, అంతే.

పండించడం బాగానే సాగేది కానీ నూర్చడమే నరకం. కట్టలు బాదీ బాదీ కుందేళ్ల చేతులు వాచిపోయేవి. కోతులు సాయం చేస్తామని వచ్చి ఆ కట్టల మీదే గుర్రుపెట్టేవి. ఇక లాభం లేదని ముళ్లపంది వీరాస్వామి ఒక బండి తయారు చేశాడు. అది కోతా నూర్పూ ఒకేసారి చేసేస్తుంది. ముందున్న కత్తులు పైరు కోస్తాయి. మధ్యలో ఒక చెక్క డ్రమ్ము గిర్రున తిరుగుతుంది. దాని నిండా వీరాస్వామి ఒంటి నుంచి రాలిన ముళ్లే. ఆ ముళ్లు కంకుల్ని దువ్వి గింజలు రాలుస్తాయి. డ్రమ్ము కిందున్న వెదురు జల్లెడలోంచి గింజలు బుట్టలో పడతాయి. గడ్డి వెనక నుంచి బయటికి పోతుంది. బండి లాగేది ఏనుగు పుల్లన్న.

"అవి నా ఒంటి ముళ్లండీ!" అని వీరాస్వామి కనబడ్డవాళ్లకల్లా చెప్పుకునేవాడు. అడగనివాళ్లకి రెండుసార్లు చెప్పేవాడు.

కోయాల్సినవి మూడు మళ్లు. వానాకాలమంతా అడవి తినాల్సింది ఆ గింజలే. వచ్చే ఏటికి విత్తనాలూ అవే.

మొదటి మడిలో బండి కదిలింది. వీరాస్వామి ముందు పీట మీద రొమ్ము విరుచుకుని కూర్చున్నాడు. వెనక్కి తిరిగి చూడనే లేదు. బండి నడిపేవాడు వెనక్కి చూడటం పరువు తక్కువని అతని నమ్మకం. వెనకాల మాత్రం గువ్వల గుంపు ఒకటి గడ్డి మీద వాలి టకటకా ఏరుకుతింటోంది.

మడి పూర్తయ్యాక గువ్వల పెద్ద ఎగిరొచ్చింది.

"వీరాస్వామి గారూ, ఏం బండండీ! మా తాతల కాలం నుంచీ ఇలాంటిది చూళ్లేదు!"

ఆనందంతో వీరాస్వామి ముళ్లన్నీ లేచి నిలబడ్డాయి. పుల్లన్న నాలుగడుగులు పక్కకి జరిగాడు.

అంతలో చీమ నాంచారమ్మ ఒక కంకిని ఈడ్చుకుంటూ వచ్చింది.

"అబ్బాయ్, ఇది చూడు. సగం గింజలు దీనికే ఉండిపోయాయి. నీ డ్రమ్ముకీ జల్లెడకీ మధ్య సందు ఎక్కువైంది. కంకి ముళ్లకి తగలకుండానే జారిపోతోంది. జల్లెడ కాస్త పైకి జరుపు."

"పిన్నీ, నువ్వెప్పుడైనా బండి చేశావా?"

"లేదు నాయనా. పుట్టినప్పటి నుంచీ గింజలే మోస్తున్నాను. అవి ఎక్కడ రాలాయో నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?"

వీరాస్వామికి ఒళ్లు మండింది. గువ్వల పెద్ద అదే అదనుగా చెవి దగ్గర చేరింది.

"చీమ మాటలకేం గానీ, ఈ బండికి కావలసింది వేగమండీ, వేగం!"

ఆ మాట వీరాస్వామికి తేనెలా తగిలింది.

రెండో మడిలో "పుల్లన్నా, పరిగెత్తు!" అన్నాడు. పుల్లన్న పరిగెత్తాడు. డ్రమ్ము కుయ్యోమొర్రోమంటూ తిరిగింది. బుట్టలో పడిన గింజల్లో సగం పగిలి నూకైపోయాయి. కంకులు మాత్రం ఎప్పటిలాగే జారిపోయాయి.

"అద్భుతం!" అంది గువ్వల పెద్ద.

"ఈసారి కొన్ని గింజలు పగిలే వస్తున్నాయి, నమలక్కర్లేదు!" అంది ఒక చిన్న గువ్వ. పెద్ద దాని నెత్తిన ఒక్క పోటు పొడిచింది.

నాంచారమ్మ మళ్లీ వచ్చింది. "పగిలిన గింజ మొలకెత్తదు నాయనా. వచ్చే ఏడు నూక చల్లుతావా?"

"నేను పైకొస్తుంటే నీకు కడుపుమంట పిన్నీ!" అని వీరాస్వామి మొహం తిప్పుకున్నాడు.

పుల్లన్న బుట్టలు చూసి బిక్కమొహం వేశాడు. "ఈపాటికి పది బుట్టలు నిండాలి. మూడు నిండాయి. వానల్లో పిల్లలకి ఏం పెడతాం వీరాస్వామీ?"

"బండిలో లోపం లేదు. పంటే తక్కువ. కావాలంటే సాక్షుల్ని పిలుస్తాను," అని వీరాస్వామి గువ్వల్ని కేకేశాడు. ఒక్కటీ రాలేదు. మళ్లీ కేకేశాడు. ఉలుకూ పలుకూ లేదు. ఇక తప్పక పీట దిగి, మొదటిసారిగా బండి వెనక్కి వెళ్లాడు.

అక్కడ గువ్వలన్నీ గడ్డి మీద వెల్లకిలా పడి ఉన్నాయి. పొట్టలు బూరెల్లా ఉబ్బాయి. గువ్వల పెద్ద లేవబోయి దొర్లిపడింది.

"లేవలేకపోతున్నామండీ. మీ బండి చల్లగా ఉండాలి. మూడో మడి ఎప్పుడండీ?"

వీరాస్వామి గుప్పెడు గడ్డి తీసి చూశాడు. కంకులకి గింజలు అలాగే ఉన్నాయి. సిగ్గుతో అతని ముళ్లన్నీ వాలిపోయాయి. ఇంతసేపూ తను నూర్చింది లేదు, గువ్వలకి వడ్డన చేశాడు!

నేరుగా చీమ దగ్గరికి వెళ్లాడు.

"తప్పైపోయింది పిన్నీ. జల్లెడ ఎంత పైకి జరపమంటావు?"

నాంచారమ్మ దెప్పలేదు. ఒక గింజ నెత్తికెత్తుకుని డ్రమ్ముకీ జల్లెడకీ మధ్య దూరింది. "నా గింజ ముళ్లకి రాసుకోవాలి, పగలకూడదు. జరుపు. ఇంకాస్త. ఇంకాస్త. ఆఁ, చాలు! ఉండు, నన్ను బయటికి రానిచ్చి తిప్పు!"

మూడో మడిలో పుల్లన్న తన మామూలు నడక నడిచాడు. పదడుగులకోసారి వీరాస్వామి దిగి వెనక గడ్డి చూసి వచ్చాడు. బుట్టల్లో నిండు గింజలు పడ్డాయి. విత్తనాలకి సరిపోయాయి. తిండికి చాలక ఆ వానాకాలం అందరూ పూటకి సగం కడుపే తిన్నారు. వీరాస్వామి నూకల గంజి తాగాడు.

ఆ రోజు మూడో మడి పూర్తయ్యేసరికి, తిన్నది అరిగి లేచిన గువ్వలు గడ్డంతా గాలించాయి. ఒక్క గింజ దొరకలేదు. గువ్వల పెద్ద రెక్కలు కొట్టుకుంటూ వచ్చింది.

"ఇదీ ఒక బండేనా? దిక్కుమాలిన బండి! నువ్వూ ఒక పనివాడివేనా?"

వీరాస్వామి ముళ్లు మళ్లీ లేచాయి. పాపం, నొచ్చుకున్నాడనుకుని పుల్లన్న ఓదార్చబోయాడు.

"ఊరుకో పుల్లన్నా, తిట్టనీ," అన్నాడు వీరాస్వామి మొహమంతా నవ్వుతో. "బండి బాగుపడిందని ఇప్పుడు నమ్మకం కుదిరింది."

నీతి: మన తప్పు వల్ల పొట్ట నింపుకునేవాళ్లు మనల్ని పొగుడుతారు, ఆ తప్పు ఎత్తి చూపేవాళ్లే మన మేలు కోరేవాళ్లు.