కాళ్ళ కింద లేచిన గట్టు

తునికొండ అడవిలో ఎండాకాలం ముదిరితే మిగిలే నీరు ఒక్కటే, జల్లిమడుగు. చుట్టూ ఎర్రమట్టి మిట్టలు, నడుమ ఆ మడుగు. ఏనుగైనా కుందేలైనా అక్కడే తాగాలి. అందుకని ఆ అడవిలో తాతల నాటి కట్టుబాటు ఒకటి ఉండేది. ఎవరికైనా అన్యాయం జరిగిందనిపిస్తే గొంతు చించుకోనక్కర్లేదు. తిన్నగా మడుగులోకి దిగి నీళ్ళు కలిపెయ్యడమే. అడుగునున్న ఎర్రమట్టి పైకి లేస్తుంది. మళ్ళీ తేరేదాకా నాయకుడితో సహా ఎవరూ మూతి పెట్టకూడదు. అందరూ ఒడ్డున కూర్చుని ఆలోపు గొడవ తేల్చుకోవాలి. ఎంత మొండివాడైనా నాలుక పిడచకట్టుకుపోతే దారికి రాక ఏం చేస్తాడు?

ఆ అడవికి నాయకుడు అడవిదున్న భైరన్న. ఒక కరువులో కొమ్ములతో బండలు పొర్లించి మడుగు ఊటను బయటికి తీసింది ఆయనే. అందుకే అందరూ కూడి ఎన్నుకున్నారు. మొదట్లో "భైరన్నా" అని పిలిచేవారు. తర్వాత "భైరయ్యగారూ" అన్నారు. ఈమధ్య "దొరా" అంటే తప్ప ఆయనకు వినపడటం లేదు.

ముందు, "నీళ్ళు కలపాలంటే మా నక్కతో ఒక మాట చెప్పి కలపండి" అన్నాడు. తర్వాత, "నెలకోసారి కలిపితే చాలు" అన్నాడు. ఆపైన మడుగు పక్క నీడపట్టున ఉన్న పొర్లుగుంట తనదేనన్నాడు. ఆ గుంట అడవిపంది పోలమ్మది. ఆమె తల్లీ అమ్మమ్మా పొర్లిన గుంట. పోలమ్మ మండిపడుతూ మడుగులోకి దిగబోతే నక్క సోమలింగం తోక అడ్డం పెట్టాడు.

"ఈ నెల కలపడం అయిపోయింది వదినా. కోతులు కలిపేశాయి. వచ్చే నెల రా."

"కోతులు కలిపినట్టు చూసిందెవరు?"

"నేను చూశాను. చాలదూ?"

పోలమ్మ వెనక్కి తిరిగింది. అప్పటినుంచి దున్న పేరెత్తితే చాలు, ఆమె వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి.

అలాంటి రోజుల్లో ఒక తెల్లవారుజామున ఏదుపంది అంకయ్య ముళ్ళు గలగలలాడించుకుంటూ ఆమె పొద దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. పెద్దవాడు, ఏ విషయాన్నీ ఒక పట్టాన నమ్మనివాడు. అలాంటివాడే వగరుస్తున్నాడు.

"పోలీ, లే! రేచుకుక్కలు మడుగును చుట్టుముట్టాయి."

రేచుకుక్కలంటే అడవికి కాపలా. పక్క కొండల మృగాలు రాకుండా ఎల్లలు కాసే దండు. వాటి నాయకుడు సింగన్న.

"కాపలా కాసేవాళ్ళకు మడుగుతో ఏం పని?" అంది పోలమ్మ.

"దొర పాలన పూర్తయిందట. ఈరోజునుంచి ఎవరు తాగాలో, ఎప్పుడు తాగాలో వాళ్ళే చెబుతారట."

"మరి దొరో?"

"కొండ మీది ముళ్ళపొదలో దూరాడు. గోరువంకతో కబురంపాడు. 'నా ప్రజలారా, బయటికి రండి! మడుగు మీది! కాపాడుకోండి!' అని."

పోలమ్మ పకపకా నవ్వింది. "నిన్నటిదాకా కాలు పెడితే తప్పు. ఇవాళ పొద్దున్నే మాదైపోయిందా?"

"అయితే ఇంట్లోనే ఉందామా? దున్న పీడ విరగడైపోతుందిగా."

పోలమ్మ రెండడుగులు అటు వేసింది, రెండడుగులు ఇటు వేసింది. దున్న మీద కోపం ఒకవైపు లాగుతోంది. మడుగు ఇంకోవైపు లాగుతోంది.

"లేదు మావా," అంది చివరికి. "దున్నను ఎక్కించింది మనం. దించితే మనమే దించాలి. వీళ్ళెవరు దించడానికి? రేపు కుక్కల మీద కోపమొస్తే ఏ నీళ్ళు కలుపుతాం? కాలు పెట్టకముందే పిక్క పట్టుకుంటారు."

వెళ్ళేసరికి మడుగు చుట్టూ అడవి అంతా ఉంది. దున్నంటే ప్రాణమిచ్చే దుప్పులున్నాయి. దున్నంటే గిట్టని కొండముచ్చులున్నాయి. ఎలుగుబంటి గున్నయ్య ఏ గొడవలోనూ తలదూర్చడు, ఆయనా వచ్చాడు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఎవరికీ ఏం చెయ్యాలో తెలీదు. అందరూ పక్కవాళ్ళ మొహాలు చూస్తున్నారు.

సింగన్న బండెక్కి అరిచాడు. "ఎవరిళ్ళకు వాళ్ళు పొండి! అడవి బాగు కోసమే ఈ పని చేశాం. ఇకనుంచి నీళ్ళు క్రమశిక్షణతో తాగొచ్చు!"

"నీళ్ళు తాగడం కూడా నేర్పుతావురా నువ్వు!" అని పోలమ్మ కుక్కల మధ్యనుంచి దూసుకుపోయి దభేలున మడుగులోకి దూకింది. ముట్టెతో అడుగుమట్టి పెళ్ళగించింది. ఆమె వెనక గున్నయ్య దిగాడు, ఆ వెనక దుప్పులు, కొండముచ్చులు, అంకయ్య. నీళ్ళు ఎర్రగా, చిక్కగా అయిపోయాయి. కుక్కలు మీదపడ్డాయి. గున్నయ్య చెవి చిరిగింది. ముందు వరసలో ఉన్న ఒక కణితి దుప్పి మెడ పట్టుకుని ఒడ్డుకు లాగాయి. అది మళ్ళీ లేవలేదు. అయినా నీళ్ళలోంచి ఎవరూ బయటికి రాలేదు.

ఎండ ఎక్కింది. రాత్రంతా పరుగెత్తుకొచ్చిన కుక్కలు నాలుకలు వేలాడేసుకుని బురద వైపు చూస్తున్నాయి. వాటిలో ఒకటి పోలమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, కాసేపు కలపడం ఆపితే గుక్కెడు తాగుతాం."

"దేనికొచ్చావురా ఇక్కడికి?"

"వేట ఉంది, రమ్మన్నారు. ఇక్కడికొచ్చాక మడుగును చుట్టుముట్టమన్నారు."

"మరి చుట్టుముట్టే ముందు అడగొద్దూ?"

"మా దండులో అడగడం ఉండదక్కా."

మిట్టమధ్యాహ్నానికి ఒక కుక్క దండు వదిలి నీళ్ళు వెతుక్కుంటూ అడవి ఎల్ల అవతలి వాగు వైపు పోయింది. దాని వెంట ఇంకొకటి. చూస్తుండగానే సింగన్న ఒక్కడే మిగిలాడు. గున్నయ్య ఆయన మెడపట్టి బండ మీదనుంచి కిందికి దించాడు.

కేకలు, ఈలలు, కౌగిలింతలు! నిన్నటిదాకా పలకరించుకోని దుప్పులూ కొండముచ్చులూ ఒకళ్ళ మీద ఒకళ్ళు బురద చల్లుకున్నాయి. ఆ గోల విని భైరన్న కొండ దిగి వచ్చాడు. కొమ్ములకు ముళ్ళతీగలు వేలాడుతున్నాయి.

"నా కోసం ప్రాణాలకు తెగించారు!" అన్నాడు గద్గదంగా.

"నీ కోసం ఎవరొచ్చారయ్యా? మడుగు కోసం..." అని పోలమ్మ అంటూనే ఉంది. "దొరకు జై!" అన్న కేకల్లో ఆ మాట ఆమెకే వినపడలేదు.

అప్పుడు సోమలింగం బండెక్కాడు. కుక్కలున్నంతసేపూ ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు.

"అన్నలారా, అక్కలారా! ముప్పు పోయిందనుకోకండి. పారిపోయిన కుక్కలు మిట్ట వెనకే ఉన్నాయి. అందుకని రోజూ సాయంత్రం అందరం ఇక్కడికి రావాలి. చనిపోయిన కణితి పేరు మీద తలా ఒక ముద్ద మట్టి తెచ్చి మడుగు చుట్టూ వేద్దాం. దాని మీద చిందులేద్దాం. ఆ చప్పుడుకు కుక్కల గుండెలు జారిపోవాలి!"

ఎవరికి నచ్చదు? పొద్దు వాలుతుంటే చాలు, అడవి అంతా మడుగు దగ్గరే. గున్నయ్య పొట్ట మీద డోలు వాయించేవాడు. కొండముచ్చులు ఈలలేసేవి. పోలమ్మ అందరికంటే ఎక్కువ మట్టి తెచ్చేది. తవ్వడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. "అదిగో మన వీరనారి! మొట్టమొదట దూకింది వదినే!" అని సోమలింగం అరిస్తే ఆమె ముట్టె గాల్లోకి లేచేది. పొర్లుగుంట సంగతి అడుగుదామనుకుంటూనే, ఈ సందడి అయ్యాక అడగొచ్చులే అనుకునేది.

రోజులు గడిచే కొద్దీ ఆ సందడిలో ఏదో బెరుకు వచ్చి చేరింది. చిందులేస్తూనే ఎవరు వేయడం లేదో చూసుకోవడం మొదలుపెట్టారు.

"నిన్న సాయంత్రం కనపడలేదేం?"

"కడుపులో నొప్పి బావా."

"కుక్కలొచ్చిన రోజు కూడా నొప్పేనా?"

కుందేలు చెవులు నిక్కబొడిస్తే కుక్క చెవుల్లా ఉన్నాయని ఎవరో అన్నారు. మర్నాటినుంచి కుందేలు చెవులు వంచుకుని తిరగడం మొదలుపెట్టింది. పిట్టలు రెక్క విదిలించినా అందరూ ఉలిక్కిపడేవారు. ముద్దలు తెచ్చేకొద్దీ భయం తగ్గాలి గదా? పెరుగుతోంది. పెరిగినకొద్దీ ఇంకాస్త మట్టి తెస్తున్నారు.

ఒక సాయంత్రం అంకయ్య పోలమ్మను పక్కకు పిలిచాడు.

"పోలీ, ఒకటడుగుతాను. ఈ మట్టి దిబ్బ నీ నడుము దాకా వచ్చింది. మడుగు చుట్టూ తిరిగి చూశాను. దొర నిలబడే చోట తప్ప ఎక్కడా దారి వదల్లేదు."

"కుక్కలు రాకుండా మావా."

"కుక్కలు దూకి రాగలవు. నువ్వు దూకగలవా?"

పోలమ్మకు గుండెలో కలుక్కుమంది. ఆ కలుక్కుమన్నదాన్నే కోపంగా మార్చి అరిచింది. "నీకెప్పుడూ అనుమానమే! ఇలా అడిగేది కుక్కల పక్షం వాళ్ళేనని అందరూ అంటున్నారు, తెలుసా?"

"అందరూ అంటున్నారా, నువ్వంటున్నావా?"

ఆమె వెళ్ళి చిందుల్లో కలిసింది. కానీ ఆ సాయంత్రం కాళ్ళు ఆడలేదు. విరిగిన మద్దిమోడు పక్కన తాను తెచ్చిన ముద్ద మీద నిలబడింది. కాలెత్తుతోంది గానీ గట్టిగా వెయ్యలేకపోతోంది. కొండముచ్చు చూస్తుందేమోనని ఎగిరినట్టు నటించింది.

ఆ మాటలు ఎవరి చెవిన పడ్డాయో గానీ, గట్టు ఇంకా పెరిగాక ఒకరోజు సోమలింగం చాటించాడు. "ఏదుపంది అంకయ్య కుక్కల పక్షం! నేటినుంచి మడుగు దగ్గరికి రాకూడదు!"

"ఆయన మాతోపాటు నీళ్ళలో దిగాడు! నా పక్కనే ఉన్నాడు!" అంది పోలమ్మ.

"వేషం వదినా. లోపలి మాట నీకెలా తెలుస్తుంది?"

"సరే, అయితే కట్టుబాటు ఉంది. అంకయ్య మావ కోసం నేను నీళ్ళు కలుపుతున్నాను!" అని పోలమ్మ మడుగు వైపు ఉరికింది. ఉరికి ఆగిపోయింది.

ఎదురుగా గట్టు. ఎండలకు బండలా ఎండిపోయిన ఎర్రమట్టి గట్టు, ఆమె తలకంటే ఎత్తు. దుప్పుల గిట్టలు, గున్నయ్య పాదాలు, కొండముచ్చుల వేళ్ళు, అన్ని అచ్చులూ దాని మీదే ఉన్నాయి. ఒకే ఒక సందు, ఆ సందులో దొర కొత్తగా కాపలా పెట్టిన రెండు దుమ్ములగొండులు కూర్చున్నాయి. నీళ్ళు కనపడటం లేదు. వాసన మాత్రం వస్తోంది.

"దొర తాగాక ఒక్కొక్కళ్ళనీ పిలుస్తాం," అంది ఒక దుమ్ములగొండి. "కాళ్ళు బయటే ఉండాలి. మూతి ఒక్కటే లోపలికి."

పోలమ్మ వెనక్కి తిరిగి అందరి వైపూ చూసింది. దుప్పులు నేల చూపులు చూశాయి. గున్నయ్య చిరిగిన చెవి గోక్కున్నాడు. అడవి అంతా అక్కడే ఉంది, కుక్కలొచ్చిన రోజు ఉన్నట్టే. కానీ దూకడానికి మడుగు లేదు.

గట్టు పైనుంచి సోమలింగం తొంగిచూశాడు. "అలా చూస్తావేం వదినా? దొర కట్టించలేదు, నేను కట్టలేదు. ఒక్క ముద్ద కూడా మాది కాదు. మీరే తెచ్చారు, మీరే తొక్కారు."

ఆమె మిట్ట వెనక్కి వెళ్ళింది. అంకయ్య పొద నీడలో నోరెండి పడుకుని ఉన్నాడు. తవ్వి తెచ్చిన పచ్చి దుంప ఒకటి ఆయన ముందు పెట్టింది.

"మావా, ఆ రోజు కుక్కలను ఆపడం తప్పంటావా?"

అంకయ్య దుంప నమిలి ఆ కాస్త రసమూ మింగి అన్నాడు. "కాదే. అంతకంటే మంచి పని నా జన్మలో చెయ్యలేదు. గెలిచాక ఇంటికి పోవాల్సింది. లేదా, తొక్కేముందు కిందికి చూడాల్సింది."

"నిన్ను అంత మాటన్నాను."

"అన్నావులే. ఆ సాయంత్రం నీ చిందులు కూడా చూశాను. అంత అధ్వాన్నంగా ఎగరడం నీకెప్పటినుంచి?"

పోలమ్మ ఒక్కసారి తలెత్తింది. ఏదో గుర్తొచ్చింది. లేచి గబగబా నడిచింది.

మద్దిమోడు పక్కన గట్టుకు ముట్టె ఆనించి ఆమె మెల్లగా రాస్తుంటే పైనుంచి సోమలింగం గొంతు వినపడింది.

"ఏం చేస్తున్నావు వదినా?"

"ముట్టె దురదగా ఉంది మరిదీ."

"గోక్కో, గోక్కో. రాయిలాంటి గట్టు. అరిగేది నీ ముట్టే. నువ్వు తొక్కిన మట్టి కదా!"

"నేను తొక్కిందే. అందుకే ఎక్కడ గట్టిగా తొక్కలేదో నాకు తెలుసు."

పెళ్ళలు రాలాయి. వెనకనుంచి ముళ్ళ గలగల వినపడింది. ఆ వెనక గున్నయ్య బరువైన అడుగులు, ఆ వెనక ఒక దుప్పి, చెవులు నిటారుగా నిలబెట్టుకుని కుందేలు. సోమలింగం దుమ్ములగొండులను కేకేశాడు. ఆ కేకలో ఇందాకటి నవ్వు లేదు. పోలమ్మ ముట్టె లోపలికి దిగింది, ఇంకాస్త దిగింది, చివర చల్లగా తడి తగిలింది.

నీతి: గెలిచిన సంబరంలో చిందులేసేవాళ్ళు తమ కాళ్ళ కింద ఏం లేస్తోందో ఒకసారి వంగి చూసుకోవాలి.