ఏడో వరసలో పద్దెనిమిదోది

ప్రశ్న పొట్టిదయ్యేదాకా అచలబోధస్వామి జవాబు చెప్పేవారు కారు. మహేంద్రగిరి దిగువన ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి ఎవరు వచ్చి ఏది అడిగినా, "రేపు మళ్లీ అడగండి" అనేవారు. మర్నాడు అడిగితే ఆ మర్నాడు అడగమనేవారు. ఈలోగా ప్రశ్నకి పట్టుకున్న తుక్కు రాలిపోతుందని ఆయన నమ్మకం. కొందరికి తుక్కుతోబాటు ప్రశ్న కూడా రాలిపోయేది. వాళ్లు దండం పెట్టి ఇంటికి వెళ్లిపోయేవారు.

మండా విశ్వపతి మాస్టారు వరసగా మూడు రోజులు అడిగారు. ఆయన హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరై, భార్య పోయాక ఆశ్రమంలో చేరి నాలుగేళ్లయింది. వచ్చే పౌర్ణమికి సన్యాసదీక్ష ఇస్తామని స్వామి మాట కూడా ఇచ్చి ఉన్నారు. మొదటి రోజు మాస్టారి ప్రశ్న అరగంట సాగింది. ప్రాయశ్చిత్తం, కర్మశేషం, ఈశ్వరార్పణం అన్నీ అందులోకి వచ్చాయి. రెండో రోజు పావుగంటలో అయిపోయింది, అందులోకి ఒక మనిషి వచ్చాడు. అతని పేరు బెండి దానయ్య. మాస్టారి బడిలో అటెండరు. ఇరవై రెండేళ్ల కిందట పరీక్ష పేపర్లు బీరువాలోంచి బయటికి పోయాయి. మాస్టారు దానయ్య మీద రిపోర్టు రాశారు, దానయ్య ఉద్యోగం పోయింది. ఏడాది తిరగకుండానే ఆ పని చేసింది వేరే మనిషని మాస్టారికి రూఢిగా తెలిసింది. అయితే అప్పటికి గొడవ సద్దుమణిగింది, బడికి పోయిన పేరు తిరిగి వచ్చింది. ఆయన నోరు మెదపలేదు. దానయ్య ఇప్పుడు పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో కాపలా పని చేస్తున్నాడు.

మూడో రోజు మాస్టారు రెండే ముక్కలు అన్నారు.

"జరిగినదంతా ఈశ్వరుడి పాదాల దగ్గర వదిలేశాను. అది చాలదా స్వామీ?"

స్వామి అప్పుడు ఆశ్రమం వెనక చిక్కుడుపాదుకి పందిరి వేస్తున్నారు. చాలుననీ అనలేదు, చాలదనీ అనలేదు. చేతిలో వెదురుబద్ద కింద పెట్టి, గట్టు మీద కూర్చుని, మాస్టారిని కూడా కూర్చోమని, ఒక సైనికాధికారి సంగతి చెప్పడం మొదలుపెట్టారు. పూర్వాశ్రమంలో స్వామి పదకొండేళ్లు పటాలంలో పనిచేశారనీ, అప్పటి పేరు సింహాచలమనీ ఆశ్రమంలో అందరికీ తెలుసు. కానీ ఆ రోజుల గురించి ఆయన మాట్లాడడం అరుదు. మాట్లాడినా సింహాచలం ఎవరో వేరే మనిషి అయినట్టే చెప్పేవారు. ఆ రోజూ అలాగే చెప్పారు.

ఆ అధికారి పేరు గోనె దయానందం. నంద్యాల దగ్గరి పల్లెటూరు. తండ్రి మిషను బడిలో పంతులు. పద్దెనిమిదో ఏట ఆయన మామూలు సిపాయిగా ఇంజనీరు దళంలో చేరి బర్మా వెళ్లాడు. అక్కడ ఒక నది దాటేటప్పుడు తెప్పలు కట్టించే తెల్లదొర గుండు తగిలి పడిపోతే, చెప్పేవాడు లేకపోయినా మిగిలిన తెప్పలు కట్టించి బలగాన్ని దాటించాడు. ఆ పని చూసి ఆయన్ని ఆఫీసరుని చేశారు. కశ్మీరు యుద్ధంలో మంచు తవ్వి టాంకులకి దారి వేశాడు, దానికొక పతకం వచ్చింది. ఇంకో యుద్ధంలో తుంటి ఎముకకి దెబ్బ తగిలి, అప్పటినుంచీ ఎడమకాలు ఈడ్చి నడిచేవాడు. డెబ్భై ఒకటిలో యుద్ధం వచ్చేనాటికి కల్నల్ అయి, పశ్చిమ సరిహద్దులో ఒక ఇంజనీరు దళానికి అధిపతిగా ఉన్నాడు. అక్కడ గుళ్లు కురుస్తుండగా ఆరు గంటల్లో కాలువ మీద వంతెన కట్టించాడు. దానికి రెండో పతకం వచ్చింది. మనిషి మాత్రం అంత కలుపుగోలు కాదు. నవ్వడం తక్కువ. పని సరిగ్గా లేకపోతే తిట్టడు, ఇంకోసారి చేయిస్తాడు. సింహాచలం ఆయన దగ్గర నాయక్ హోదాలో ఉండేవాడు. నక్షాలు గీసేవాడు. ఒక్కొక్క నక్షా మూడేసిసార్లు గీసిన రోజులున్నాయి.

యుద్ధం మొదలవడానికి పది రోజుల ముందు, శత్రువుని ఆపడానికి సరిహద్దు పొలాల్లో మందుపాతరలు పాతమని ఉత్తర్వు వచ్చింది. కల్నల్ దళానికి పడిన పొలాల్లో ఒకటి నిహాల్ కౌర్ అనే విధవరాలిది. డెబ్భై ఏళ్ల మనిషి. గోధుమ అప్పుడే జానెడు మొలిచింది. సిపాయిలు పొలంలో దిగుతుంటే ఆవిడ గట్టు మీద నిలబడి చూసిందే గాని అడ్డం రాలేదు. కల్నల్ ఆవిడ దగ్గరికి వెళ్లి, యుద్ధం అయిపోయాక ఎన్ని పాతారో అన్నీ తీసి పొలం ఆవిడకి అప్పజెబుతానని మాటిచ్చాడు. ఆ మైన్లు అరచేతిలో ఇమిడేంత చిన్నవి, ఇనుము దాదాపు లేనివి. టాంకునేమీ చెయ్యలేవు, మనిషి పాదాన్ని మాత్రం తీసేస్తాయి. పొగమంచులో, వేళ్లు కొంకర్లు పోతుండగా సింహాచలం లెక్క రాశాడు. పన్నెండు వరసలు, మొత్తం రెండువందల పన్నెండు. ఏడో వరసలో పద్దెనిమిది.

యుద్ధం రెండు వారాల్లో ముగిసింది. మైన్లు తియ్యమనే ఉత్తర్వు రావడానికి ఏడాది దాటింది. ఈలోగా ఒక వానాకాలం వచ్చి పోయింది. గోధుమ ఎవరూ కొయ్యకుండానే ఎండి రాలిపోయింది, రెండో ఏడు విత్తనమే పడలేదు. ఉత్తర్వు వచ్చాక సిపాయిలు బోర్లా పడుకుని, సన్నటి ఇనప చువ్వని ఏటవాలుగా నేలలోకి గుచ్చుతూ, అంగుళం అంగుళం జరుగుతూ పొలాలన్నీ ఏరారు. దళానికి పడిన పొలాలన్నిటిలో కలిపి నాలుగువేల చిల్లర తీశారు. నిహాల్ కౌర్ పొలంలో రెండువందల పదకొండు దొరికాయి. ఏడో వరసలో పద్దెనిమిదోది లేదు.

తొమ్మిది రోజులు వెతికారు. పదో రోజు పైనుంచి ఒక జనరల్ వచ్చి చూశాడు. మంచివాడే. పొలంలో గుండు పడిన గుంటలు రెండున్నాయి, ఆ గుండ్లలో ఒకదానికి మైను పేలిపోయి ఉంటుందని రాసి సంతకం పెడితే సరిపోతుందన్నాడు. నిబంధనలు కూడా ఒప్పుకుంటాయన్నాడు. పైగా ఇంకో సంగతి ఉంది. దయానందానికి బ్రిగేడియర్ హోదాలో ఒక శిక్షణకేంద్రం ఇవ్వాలని నిర్ణయమైంది. నెలాఖరులోగా వెళ్లి చేరాలి, చేరకపోతే తరవాతి మనిషికి ఇస్తారు.

గుంటలు ఏడో వరసకి దూరంగా ఉన్నాయని కల్నల్ చెప్పాడు. నాలుగువేలు తీసిన మనిషి ఒక్కదాని కోసం ఆగిపోవడం ఏమిటని జనరల్ అడిగాడు.

"నాలుగువేలు తీశామని ఆ ఒక్కటి ఊరుకోదు సార్" అన్నాడు కల్నల్.

దళం వేరే చోటికి కదిలింది. కల్నల్ తనకి రావలసిన రెండు నెలల సెలవు పెట్టి, ఆ సెలవులో పొలం గట్టున గుడారం వేసుకున్నాడు. జనరల్ దయతలచి ఆరుగురు సిపాయిలని వదిలాడు. నక్షా రాసినవాడు కనక సింహాచలం కూడా ఆగిపోవలసి వచ్చింది. ఊళ్లో అతని భార్యకి ఆడపిల్ల పుట్టి నాలుగు నెలలైంది, అతనింకా చూడలేదు. కల్నల్ అందరితోబాటు తన వంతు పడుకుని వెతికేవాడు. తుంటి నొప్పికి గంట కాగానే లేవలేకపోయేవాడు. ఇద్దరు పట్టి లేపితే, కాసేపు గట్టున కూర్చుని మళ్లీ దిగేవాడు.

ఒక ఉదయం నిహాల్ కౌర్ ఎడ్లని తోలుకుని వచ్చి, పొలం చుట్టూ కట్టిన తెల్లటి తాడు దగ్గర ఆగింది. విత్తే అదను దాటిపోతోంది. రెండేళ్లుగా ఆవిడ చుట్టాల గింజలు తిని బతుకుతోంది. కల్నల్ వెళ్లి ఎడ్లకి ఎదురుగా నిలబడ్డాడు. ఆవిడ కేకలు వెయ్యలేదు. నెమ్మదిగానే మాట్లాడింది.

"ఒక్కటే కదా నాయనా. ముసలిదాన్ని. నా కాలు పోతే పోయింది, తాడు తియ్యి."

"మీ కాలే అయితే మీ ఇష్టం అమ్మా. అది ఎవరి కాలో నాకు తెలీదు."

ఆవిడ ఎడ్లని మళ్లించుకుని వెళ్లిపోయింది. ఆ మర్నాటినుంచి గుడారం వైపు చూడడం మానేసింది.

ఇంకో పదకొండు రోజులు గడిచాయి. నెలాఖరు దాటిపోయింది. పొలంలో చువ్వ దిగని చోటు లేదు. ఒక మధ్యాహ్నం సింహాచలం గుడారంలోకి వెళ్లి, ఆ రోజు మంచులో తాను పదిహేడు అని రాయబోయి పద్దెనిమిది రాశానేమోనని చెప్పాడు. ఏడో వరస చివరికి వచ్చేసరికి చేతులు మొద్దుబారాయనీ, తప్పు రాయడానికి అవకాశం ఉందనీ అన్నాడు. అందులో అబద్ధం లేదు, అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఆ మాట మీద అందరూ ఇళ్లకి పోవచ్చు. తప్పు రాసినందుకు తనకి శిక్ష పడుతుందని తెలుసు, దానికీ సిద్ధపడే వచ్చాడు.

కల్నల్ నక్షా మీంచి తలెత్తాడు.

"గుర్తొచ్చిందా, ఇంటికెళ్లాలనుందా?"

"ఇంటికెళ్లాలనుంది సార్" అన్నాడు సింహాచలం.

కల్నల్ కోప్పడలేదు. కాగితం తీసి నెలరోజుల సెలవు చీటీ రాసి ఇచ్చాడు. బిడ్డ పేరేమిటని అడిగాడు. ఇంకా పెట్టలేదని సింహాచలం చెప్పాడు. వెళ్లి పెట్టిరమ్మని, నక్షా మాత్రం అక్కడ ఉంచి వెళ్లమన్నాడు.

సింహాచలం ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని రోడ్డు వైపు బయల్దేరాడు. పొలం తూర్పు గట్టు దిగితే ఒక మురుగుకాలువ, దాని పక్కన కాలిబాట. ఊరి ఆడవాళ్లు గడ్డి కోసుకుని ఆ బాటనే వస్తారు. నీళ్లకీ బజారుకీ సిపాయిలూ ఏడాదిగా దాని మీదే తిరిగారు. ఆ రోజు మనసు బరువుగా ఉండి అతను తల వంచుకుని నడుస్తున్నాడు. కాలువ ఒడ్డున ఎండిన ఒండ్రు చారలు కనిపించాయి. ఎక్కణ్నుంచి వచ్చాయా అని తల తిప్పి చూశాడు. వాననీళ్లు పొలంలోంచి గట్టు తెంచుకుని పారిన దారి అది. తెగిన గట్టుని తరవాత ఎవరో సరిచేశారు కాని, ఒండ్రు చార మాత్రం తిన్నగా ఏడో వరస చివరినుంచే వస్తోంది. వచ్చి, బాట కిందికి దూరి, కాలువలో కలుస్తోంది.

మైను ఆ నీళ్లతో కొట్టుకొచ్చి ఉంటుందని అర్థమయ్యాక అతను తన కాళ్ల వైపు చూసుకున్నాడు. ఆ ఒండ్రు మీదే నిలబడి ఉన్నాడు. నెత్తిన పెట్టె ఉంది. దింపడానికి వంగాలన్నా కాలు కదపాలి. ఏడాదిగా వందసార్లు నడిచిన బాట మీద ఒక్క అడుగు వెయ్యలేక అక్కడే నిలబడి కల్నల్‌ని పిలిచాడు. కల్నలూ సిపాయిలూ గుడారం దగ్గర్నుంచి చువ్వలతో నేల చూసుకుంటూ అతని దాకా రావడానికి రెండు గంటలు పట్టింది. మొదట పెట్టె అందుకున్నది కల్నలే.

మూడో రోజున మైను దొరికింది. పొలానికి అరవై అడుగుల అవతల, బాటకి మూరెడు పక్కన, బెత్తెడు ఒండ్రు కింద ఉంది. కల్నల్ బోర్లా పడుకుని దాన్ని తనే పైకి తీసి, పేలకుండా విప్పాడు. సింహాచలం చేత నక్షా మీద రెండువందల పన్నెండు అని రాయించి, కింద ఇద్దరి సంతకాలూ పెట్టించాడు. తరవాత నిహాల్ కౌర్ ఇంటికి వెళ్లి, పొలం చుట్టూ కట్టిన తాడు చుట్టేసి ఆవిడ చేతికిచ్చి వచ్చాడు. ఆవిడ ఏమందో ఆయన చెప్పలేదు.

శిక్షణకేంద్రం అప్పటికే వేరే ఆయనకి ఇచ్చేశారు. దయానందం మరి మూడేళ్లు చేసి కల్నల్ హోదాలోనే రిటైరై నంద్యాల వెళ్లిపోయాడు. పోయినప్పుడు పేపర్లో ఫొటో వేసి, బర్మా గురించీ, కశ్మీరు దారి గురించీ, వంతెన గురించీ, రెండు పతకాల గురించీ రాశారు. ఆ పొలం గురించి రాయలేదు. రాసినవాళ్లకి తెలిసే అవకాశమూ లేదు.

స్వామి చెప్పడం ఆపి, వెదురుబద్ద తీసుకుని మళ్లీ పందిరి పని మొదలుపెట్టారు. విశ్వపతి మాస్టారికి కల్నల్ కంటే, నెత్తిన పెట్టెతో బాట మీద నిలబడిపోయిన మనిషే కళ్లకి కడుతున్నాడు. పలాస వెళ్లి రావడానికి ఒక పూట చాలు. వెళ్లి, తలుపు కొట్టి, తలుపు తీసిన మనిషి ముఖంలోకి చూసి మొదటి మాట ఏమనాలన్నదే ఆయనకి తోచలేదు. రిపోర్టు తీసుకున్న కార్యాలయానికి కూడా మళ్లీ కాగితం రాయాలి. ఇన్నేళ్లు పొగిడిన ఊరు ఏమంటుందో ఆలోచించారు. అవన్నీ చేసిన తరవాత కూడా లోపల ఇలాగే ఉంటే ఏం చెయ్యాలన్నది అన్నిటికంటే భయంగా తోచింది. స్వామి బద్దకి తాడు చుట్టడం పూర్తయ్యేదాకా ఆగి అడిగారు.

"ఆ ఒక్కటీ దొరికాక, ఆయనకి మనశ్శాంతి కలిగిందా స్వామీ?"

స్వామి ముడి బిగించి, గట్టిగా ఉందో లేదో లాగి చూశారు.

"అది నేను అడగలేదు మాస్టారూ. మర్నాడు పొద్దున్నే ఆవిడ అరక కట్టింది."