అప్పన్నకు దక్కిన కునుకు

చోడవరం బజారులో బట్టలు కుట్టే అప్పన్న ఇంట్లో తెలివి ఎంతుండేదంటే, వానాకాలంలో కప్పు కారితే నీళ్ళతోపాటు అదీ కారి వీధిన పడేది. "మన తెలివంతా పక్కింటోళ్ళు తోడుకుపోతున్నారు" అని అతని పెళ్ళాం నూకాలు చూరు కింద బిందెలు పెట్టేది.

ఆ ఏడు పెళ్ళిళ్ళు విరగబడ్డాయి. అప్పన్న తొక్కిన తొక్కుడికి ఆ కుట్టుమిషను ఢిల్లీ వెళ్ళి తిరిగి రావలసింది, చక్రాల్లేక ఆగింది. కళ్ళు చింతనిప్పులయ్యాయి. అతనికి కావలసిందల్లా ఒక్క కునుకు. చూపించుకోడానికి వెళ్తే డాక్టరమ్మ అప్పన్ననీ, వెంట వచ్చిన అతని తమ్ముళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి, "పనొక్కటే అయితే మనిషి నిలబడడయ్యా. ఇంట్లో పనుండాలి, విశ్రాంతి ఉండాలి, మనసుకు నచ్చిన కొత్తదేదో చేసుకోడమూ ఉండాలి" అంది.

అంతే. సంగతులు మూడు, అన్నదమ్ములు ముగ్గురు. ఇంటికొచ్చి పొలం పంచుకున్నట్టు పంచేసుకున్నారు. పని అప్పన్నకి, విశ్రాంతి నడిపివాడు గవర్రాజుకి, కొత్తదనం చిన్నవాడు సింహాద్రికి. పంపకం అప్పన్నకీ ఎంతో న్యాయంగా తోచింది.

మర్నాడు అప్పన్న రెప్ప వాలిందో లేదో, మంచం మీంచి గవర్రాజు కేకేశాడు.

"అన్నయ్యా, అది నా వాటా."

"ఒక్క కునుకేరా."

"తమ్ముడి కంచంలో ముద్ద లాక్కుంటావా? మరి నిద్ర లాక్కోవచ్చా?"

అప్పన్న సిగ్గుపడి కళ్ళలో ఉల్లిపాయ పిండుకున్నాడు. గవర్రాజు కష్టం గవర్రాజుది. పడుకుని పడుకుని నడుం పట్టేసింది. "వదినా, ఈ చాకిరీ నావల్ల కాదు. ఆదివారమైనా సెలవిప్పించు" అని మూలిగేవాడు.

ఇక సింహాద్రి. భద్రం అనే కుర్రాడి పెళ్ళికోటు అన్న కుట్టి పెడితే, వీడు దాని వీపున మూడో చెయ్యి అతికించాడు.

"ఇదెందుకురా?" అన్నాడు భద్రం.

"మీ భుజం మీరే తట్టుకోడానికండి."

"సాయంత్రం నా పెళ్ళి. ఈలోగా ఇది ఊడదీసి సరిచెయ్యకపోతే, ఈ ఊళ్ళో మీకు జాకెట్టు ముక్క కూడా ఇయ్యనివ్వను."

ఇంకేముంది, అప్పన్న ఆ చెయ్యి విప్పుతూ విప్పుతూ మిషను మీదే ఒరిగిపోయాడు. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి సంగతి విని తల బాదుకుంది. "ఒకరికొకటి కాదర్రా. ప్రతివాడికీ మూడూ ఉండాలి. ఇతన్ని పడుకోబెట్టండి, తనంతట తను లేచేదాకా లేపకండి" అని చెప్పి వెళ్ళింది.

"విన్నారా, మూడూనట" అంది నూకాలు. అంతే. మిషను పక్కకి మంచం లాగి అప్పన్నని పరుపు మీద పడుకోబెట్టారు. అదీ విశ్రాంతి. అతని కాళ్ళు మిషను తొక్కుడు బల్ల మీద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని గవర్రాజు ఊపసాగాడు. అదీ పని. సింహాద్రి అన్న నోట్లో పిల్లనగ్రోవి దూర్చాడు. గురక రాగమై లేచింది. అదీ కొత్తదనం. నూకాలు ఆ మూడో చెయ్యి ఊడిన కోటుని పరుపు మీద పరిచి సూది కిందకి తోసింది. సూది తన దారిన తను పోయి కోటునీ, పరుపునీ, అప్పన్న చొక్కానీ కలిపి గట్టిగా కుట్టేసింది. ఇంత గట్టి కుట్టు ఆ ఇంట్లో ఎన్నడూ పడలేదు.

బాజాలతో భద్రం వచ్చాడు. "కత్తెర తెండి" అన్నాడు.

"కత్తిరిస్తే మావకి మెలకువొచ్చేస్తది బాబూ. డాక్టరమ్మ లేపొద్దంది" అని నూకాలు అడ్డం పడింది.

ముహూర్తం ముంచుకొచ్చేస్తోంది. భద్రం గతిలేక కోటు తొడుక్కున్నాడు. వీపున పరుపు, పరుపు మీద అప్పన్న. తమ్ముళ్ళు చెరో కాలూ పట్టుకుని నడిచారు. ఊరేగింపు గతుకులకి ఊగుతుంటే అప్పన్న కలలో అమ్మ ఉయ్యాల ఊపుతోంది. ఎన్నాళ్ళకో పట్టిన నిద్ర, తీపిగా ఉంది.

పందిట్లో పిల్ల తండ్రి తెల్లబోయాడు. "అల్లుడుగారూ, వెనకాల ఆయనెవరు?"

గవర్రాజు నోటిమీద వేలేసుకున్నాడు. "మెల్లిగా అడగండి బాబూ. మా అన్నయ్య డ్యూటీలో ఉన్నాడు."